వరుసలో మినహాయింపు లేదు

కకిరిగుమ్మ స్టేషన్‌లో దిగేసరికి సాయంత్రం నాలుగు పది. వాన. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ఇరవై కిలోల మందుల పెట్టె. దసమంతపూర్ వైపు కొండ మీద మా జవాన్ల క్యాంపు. ట్రక్కు బురదలో రెండుసార్లు దిగబడింది. నేను నర్సింగ్ అసిస్టెంటుని. అసలు డాక్టరమ్మ రాయగడ ఆసుపత్రిలో ఉంటే, ఆ కొండ మీద వైద్యమంతా నేనే.

పొద్దున్న ఐదున్నరకి ఫాలిన్, జవాన్లంతా వరుస కట్టాలి. వరుసలో ఒక్కొక్కరికీ మలేరియా మాత్ర ఇవ్వాలి. అది కడుపులో మండుతుందని, తోడుగా గ్యాస్ క్యాప్సూలు. మింగాక నోరు తెరిచి నాలుక ఎత్తాలి. హవల్దారు టార్చి వేసి చూసేవాడు. మలేరియాకి ఆ కట్టుదిట్టం అవసరమే, కాదనను. క్యాప్సూలు అందరికీ ఎందుకు? గుడ్డెద్దు చేలో పడ్డట్టు పంచాను.

మా వైర్‌లెస్ ఆపరేటరుది సాలూరు. ఇరవయ్యారేళ్లు. తిన్నాక పొట్ట పైభాగంలో మంట, ఉబ్బరం. నెల దాటింది. వంటవాడు వాము నీళ్లు తాగించాడు. కంపెనీ కమాండరు నాటకమన్నాడు. నేనే పట్టుబట్టి రాయగడ పంపించాను.

డాక్టరమ్మ ఫోన్లో నాకు విడమరిచి చెప్పింది. బరువు తగ్గలేదు, వాంతుల్లేవు, విరేచనం నల్లగా లేదు కాబట్టి ఈ వయసులో ముందే నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడక్కర్లేదు. మొదట మలపరీక్ష. కడుపులో పుండు చేసే క్రిమి ఉంటే రెండు వారాల మందులు, లేకపోతే నెల రోజులు క్యాప్సూలు. కానీ పరీక్షకి ముందు రెండు వారాలు క్యాప్సూలు ఆపాలి. ఆపకపోతే క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు.

క్యాప్సూలు ఆపమని ఆవిడ ఆపరేటరుతో రాసి పంపిన చీటీతో కమాండరు ముందు నిలబడ్డాను. ఆయన చీటీ చదవను కూడా లేదు. వరుసలో మినహాయింపు లేదన్నాడు. ఒకడికి ఆపితే రేపు అందరూ ఆపమంటారట. "జీ సాబ్" అన్నాను.

మర్నాడు వరుసలో ఆపరేటరు నా చేతిలోకి చూశాడు.

"అన్నా, ఇది ఆపమన్నారు గదా?"

"మింగీరా. తర్వాత సూద్దాం."

పద్నాలుగు పొద్దులు నా చేత్తోనే ఇచ్చాను. పదిహేనో రోజు నమూనా పంపాం. క్రిమి లేదని కాగితం వచ్చింది. క్యాప్సూలు ఆపలేదని డాక్టరమ్మకి నేను చెప్పలేదు. చెబితే కమాండరు మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని భయం. ఆయన ఆ కాగితం అందరి ముందూ చదివి, దొంగ కడుపునొప్పి అన్నాడు. రోజుకి పన్నెండు గంటల డ్యూటీ వేశాడు.

పంతొమ్మిది రోజుల తర్వాత, పగలు పదకొండు నలభైకి, పెట్రోలింగ్‌కి వెళ్లినవాళ్ల నుంచి వైర్‌లెస్ సెట్ పలికింది. ఆపరేటరే.

"అన్నా, నిన్నట్నించీ నల్లగా ఎల్తంది. తారులాగ. కళ్లు తిరుగుతన్నాయి."

"నిన్ననే సెప్పలేదేట్రా?"

"సెప్తే మళ్లీ నాటకమంటారు గదా."

కొండ దింపి రాయగడ చేర్చేసరికి మూడు దాటింది. అప్పుడు గొట్టం వేశారు. పుండు, రక్తం, ఆ క్రిమి, అన్నీ దొరికాయి. క్యాప్సూలు ఆపారా అని డాక్టరమ్మ ఒక్కటే అడిగింది. లేదన్నాను. రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతికాడు.

కమాండరు మీద నాకింకా కోపమే. నా మీద అంతకి రెట్టింపు. ఆయనకి తెలీదు. నాకు తెలుసు.

సర్వీసు మానేసి మా ఊరు రాయగడ వచ్చేశాను. మా కిరాణా కొట్లో కూర్చుంటున్నాను. గ్యాస్ మాత్ర ఉందా అని ఎవరైనా అడిగితే ఎన్నాళ్లుగా మంట, విరేచనం నల్లగా ఉందా అని కసురుతాను. నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఒకటి మాత్రం కళ్లముందు నుంచి పోదు. ఆసుపత్రి వరండా. ఆపరేటరు అక్క సాలూరు నుంచి బస్సులో వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది.

"మావోడికి రోజూ మందిచ్చింది మీరే గదా బాబూ. మీరు లేపోతే ఆడు ఏటైపోయేవోడో."

వంగి నా బూట్లు ముట్టుకుని కళ్లకద్దుకుంది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.