కోపం రాని కస్టమర్లు

నతానియేలు మాస్టారి పాఠాల్లో ఎవరికీ కోపం రాదు. ఆయనలో లోపమంటూ ఉంటే అదొక్కటే. దాంతోనే తోటి టీచరు శాలినికి ప్రాణం విసిగిపోయింది.

ఉయ్యూరు దగ్గర ఓ ఐటీఐలో ఏసీ మెకానిక్ పని నేర్చుకునే పిల్లలకు పనికొచ్చే ఇంగ్లీషు పాఠాలు తయారుచేయమని ఇద్దరికీ అప్పగించారు. మాస్టారు రాసిన మొదటి సంభాషణలో మెకానిక్ పొద్దున రావలసినవాడు సాయంత్రం వస్తే, ఇంటావిడ ఎండన పడి వచ్చావు, కూర్చో నాయనా అంటుంది. రెండోదాంట్లో కంప్రెసర్ పేలిపోతుంది. ఇంటాయన, పోనీలే పాతదే అంటాడు. ఫిర్యాదు ఎలా రాస్తారో చూపించమంటే, మీ అమ్మగారికి ఒంట్లో ఎలా ఉందని మొదలుపెట్టి, ఏసీ సంగతే మరిచిపోయి, ప్రార్థనలో తలుచుకుంటామని ముగించారు.

"మాస్టారూ, బెజవాడ ఎండల్లో ఏసీ ఆగిపోయినవాడు ఇలా మాట్లాడతాడా అండీ?"

"మాట్లాడితే బాగుంటుంది కదమ్మా."

లాభం లేదని శాలిని తనే ఒక కోపిష్టి కస్టమరును రాసింది. సరిచూసి ఇస్తానని మాస్టారు ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాటికి ఆ కోపిష్టి కస్టమరు మెకానిక్‌కు దగ్గరుండి ఉలవచారు వడ్డిస్తున్నాడు.

ఈలోగా పైనుంచి కబురొచ్చింది, పాఠాలు నచ్చకపోతే ఈ ఇంగ్లీషు కోర్సు ఎత్తేస్తారని. చూడ్డానికి బసవపున్నయ్య గారనే అధికారి వచ్చారు. నాలుగు పేజీలు తిరగేసి, ఇవి పాఠాలా, పెళ్లి శుభలేఖలా అన్నారు. తానే కస్టమరునంటూ కుర్చీలో కూర్చుని, క్లాసులోంచి ఏంజెల్ అనే అమ్మాయిని లేపి, ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయని ఇంగ్లీషులో గద్దించారు. ఆ పిల్ల చున్నీ కొస నలుపుతూ బిగుసుకుపోయింది. ఎంత గద్దిస్తే అంత బిగుసుకుంది. శాలిని ఆశ వదిలేసుకుంది. కోర్సు పోయింది, రేపు పిల్లలకు ఏం చెప్పాలా అని తల దించుకుంది.

మాస్టారు అధికారిని బతిమాలి, తనో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ఏసీ కారుతోందమ్మా, అది సరే, నువ్వు టిఫిన్ తిన్నావా అని ఇంగ్లీషులో అడిగారు.

ఏంజెల్ ఊపిరి పీల్చుకుంది. ఇంకా లేదు సార్, ముందు మీ డ్రెయిన్ పైపు చూస్తాను, కింద బకెట్ పెట్టండి అంది, ఇంగ్లీషులోనే. పైపులో ఏం అడ్డుపడుతుందో, ఎలా తీస్తారో కూడా చెప్పింది. బసవపున్నయ్య గారు మళ్లీ గద్దించారు. ఈసారి ఆయనకూ బదులొచ్చింది, బకెట్‌తో సహా.

"మరి తిట్లు ఎందుకు రాయరండీ?" అన్నారాయన.

"వాటిని మనం నేర్పక్కర్లేదండీ, లోకమే నేర్పుతుంది. ఎవరైనా మంచిగా పలకరిస్తేనే ఈ పిల్లలు తెల్లబోతున్నారు. అలవాటు లేదు పాపం."

అధికారి చివరికి కోర్సుకు ఆరు నెలలు గడువిచ్చారు. పుస్తకంలో ఒక్క కస్టమరుకైనా కోపం రావాలని షరతు పెట్టారు.

మాస్టారు వారంపాటు చెమటోడ్చి రాసుకొచ్చారు: "నాకు మహా కోపంగా ఉంది. మీరు మజ్జిగ తాగండి, తర్వాత కోప్పడతాను."

శాలిని ఎర్ర పెన్ను మూత తీసింది. ఇంకోసారి చదివి మూత పెట్టేసి, కాగితం ప్రింటుకు పంపింది.