ఐదేళ్ల సువర్ణ పేరు రాసిన సీసా

ఎనభైల మొదట్లో జరిగిన ఒక రక్త సర్వే రిజిస్టరులో సువర్ణ అనే పేరు ఎదుట ఒక కొట్టివేత ఉంటుంది. అది ఎందుకు పడిందో తెలిసినవాళ్లలో రాయగలిగినవాణ్ణి నేనే. అందుకే ఈ ప్రయాణం రాసిపెడుతున్నాను.

డాక్టర్ సుధాకర్ అప్పట్లో న్యాల్‌కల్ వైపు పల్లెల్లో రక్తం సేకరించారు. కామెర్లు తెచ్చే ఒక వైరస్ ఏ వయసువాళ్లలో ఎంతమందికి ఉంది, అందులో ఎన్ని రకాలున్నాయి అన్నది ఆయన వెతుకులాట. అది సరిగా మరిగించని సూది నుంచీ, కాన్పులో తల్లి నుంచీ వస్తుందని నేను జహీరాబాద్ గ్రంథాలయంలో అప్పటికే చదివాను. ఆ సంగతి తెలిసి, సీసాలపై పేరూ వయసూ రాసే పని, వాటిని పట్నం చేర్చే పని నాకప్పగించారు.

పొద్దున ఆరుంబావుకు బస్సెక్కాను. ఒళ్లో ఊకలో ఐసు దట్టించిన డబ్బా.

"చాపలా సారూ?" అన్నాడు కండక్టర్ యాదగిరి.

"నెత్తురు."

"అయ్యో, జర నాకు దూరం పెట్టుండ్రి!"

పక్క సీట్లో న్యాల్‌కల్ గంగవ్వ, ఆమె మనవరాలు సువర్ణ; పట్నంలో ఉన్న పిల్ల మేనమామ దగ్గరికి పోతున్నారు. పిల్ల తల్లి ముందటేడే కామెర్లతో పోయింది. అందుకే డాక్టరుగారికి అన్నిటికన్నా సువర్ణ సీసా మీదే ధ్యాస.

ఎనిమిదింటికి సదాశివపేటలో ఇడ్లీ తిని, చాయ్ తాగి వచ్చి కూర్చున్నాను. గంగవ్వ డబ్బా వైపే చూస్తోంది.

"సారూ, అండ్ల మా పొల్లది లేదు. రెండు సీసాల్ల నాదే ఉన్నది."

"అదేందవ్వా?"

"మేనమామ మూడు కత్తెర్లు ఏసెదాంక మా ఇంట్ల పిల్లలకు ఇనుము తగలనియ్యం. సూదైనా సరే. తల్లి సచ్చెనాయె, పుట్టెంటికలు తీసుడు ఆగెనాయె. కంపౌండరుకు దండం పెడితె నా చెయ్యే మల్లా గుచ్చిండు. నువ్వు తలకాయ వంచి పేర్లు రాస్తున్నవు."

నిజమే, నేను తలెత్తలేదు.

"ఇప్పుడు నీకు రోగముంటే అది పిల్ల పేరున పడుతుంది అవ్వా. లేదా పిల్లకుంటే ఎవరికీ తెలియకుండా పోతుంది."

సంగారెడ్డి దాటేదాకా ఆమె పిల్ల జుట్టును వేళ్లతో దువ్వుతూ కూర్చుంది. తర్వాత, "డాక్టరు తిడతడా?" అంది.

"తిడితే ఇద్దరం పడదాం."

పదిన్నరకు పట్నంలో గౌలిగూడ బస్టాండులో దిగేసరికి మేనమామ బసప్ప ఎదురుచూస్తున్నాడు. అతని గదిలోనే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాడు. మిగతా మొక్కు ఊళ్లో తీర్చుకుంటామని గంగవ్వ దేవుడికి చెప్పుకుంది. మూడింటికి దవాఖానలో డాక్టరుగారు తిట్టకుండానే రిజిస్టరులో సువర్ణ పేరు ఎదుట ఉన్న పాత సీసా వివరం కొట్టేశారు. నర్సు మేరీ సూది గుచ్చితే సువర్ణ బసప్ప చెయ్యి కొరికింది.

"కొరుకు బిడ్డా, మీ మామ గట్టోడే!" అంది గంగవ్వ.

స్టేషన్ దగ్గరి సత్రంలో రెండు రాత్రులున్నాను. మూడోనాటి పొద్దున తేలింది: గంగవ్వ రెండు సీసాల్లోనూ వైరస్ ఉంది. సువర్ణ రక్తంలో లేదు. గంగవ్వది ఏ రకమో తెలిస్తే, అది ఎటునుంచి వచ్చిందో కొంత ఊహించవచ్చని డాక్టరుగారు నాకు ఓపికగా చెప్పారు. ఏ పుస్తకంలోనూ అంత తేటగా చదవలేదు.

మధ్యాహ్నం రెండింటి బస్సులో ముగ్గురం తిరుగుప్రయాణం. జొన్నచేల మీదుగా వచ్చే ఆ గాలి ఇప్పటికీ గుర్తే. పిల్ల నిద్రపోయింది.

"నాకుంటె ఉండనియ్యి సారూ," అంది గంగవ్వ. "దానికి లేదు గద."

డాక్టర్ సుధాకర్‌కు, నర్సు మేరీకి, పని మానుకుని వచ్చిన బసప్పకు, డబ్బా కింద తన దుప్పటి మడిచి పెట్టిన యాదగిరికి నా కృతజ్ఞతలు. ఎవరూ అడగకముందే నిజం చెప్పిన గంగవ్వకు దండాలు.