ఎర్రమట్టి అత్తగారు

బావులు తవ్వే ఆయన్ని అందరూ పాటల మేస్త్రి అనేవాళ్ళు. నేల మీద నోరు మెదపని మనిషి, గునపం పుచ్చుకుని లోపలికి దిగాడంటే చాలు, పాట అందుకునేవాడు. అరువు పాటలు కావు, అన్నీ సొంతంగా కట్టినవే. ఏ పొర తగిలితే దానికో చరణం. ఎర్రమట్టి అత్తగారు, నల్లమట్టి మామగారు, తడి ఇసుక మరదలు. "పాట కడితేగానీ నేనెక్కడున్నానో నాకే తెలీదే" అనేవాడు పెళ్ళాంతో. నేలతో అలా చుట్టరికం కలుపుకున్నాక భయం పోయిందట.

పైన గిలక దగ్గర, ఆయన నడుముకి కట్టిన తాడు పట్టుకునేది ఆవిడే. పాట వినపడుతోందంటే కింద ఊపిరి ఆడుతోందన్నమాట. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ కాపురం చేసింది.

ఆ రోజు ఒక పాత బావిని లోతు చేస్తున్నారు. రాయి తగిలింది. రాతికి ఏ వరస కలుపుతాడో చూద్దామని ఆవిడ చెవి ఒగ్గింది. వినపడింది మాత్రం అత్తగారి పాట.

"ఎర్రమట్టి అత్తమ్మా, ఎండ తగిలితే గయ్యాళివి,
చినుకు పడితే చాలమ్మా, చేతికి అంటే చుట్టానివి."

"మళ్ళీ మా అమ్మనే ఆడిపోసుకుంటున్నావా!" అని నవ్వింది. అదే చరణం మళ్ళీ. ఇంకోసారి. దాటి వచ్చిన పొర పాట ఆయన ఎన్నడూ తిరిగి పాడలేదు.

"బావ మంచి హుషారుగా ఉన్నాడక్కా" అన్నాడు పక్కనే మట్టి ఎత్తిపోస్తున్న తమ్ముడు.

"నోర్ముయ్యి! లాగు!"

పైకి వచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. లోపల చెడ్డగాలి చేరింది. ఇంకాసేపుంటే దక్కేవాడు కాడు. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచాడు. బతికి బట్ట కట్టాడని ఆవిడ ఏడుస్తుంటే విసుక్కున్నాడు.

"ఎందుకు లాగావే? ఎంత బాగుందో పాట!"

"నువ్వు పాడిందేగా."

"నేనెక్కడ పాడానే? వింటున్నా. కింద ఎవరో పాడుతున్నారు. ఇంకో చరణం మిగిలిపోయింది."

ఆవిడ ఆ బావి వద్దంది, బతిమాలింది. ఒట్టు వేయించుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చివరికి, తాడు పట్టనని మొండికేసింది. తను పట్టకపోతే దిగడనుకుంది, పిచ్చిది.

తెల్లారి చూస్తే పక్కమీద ఆయన లేడు. పడుతూ లేస్తూ పరుగెత్తింది. గిలక దగ్గర తాడు పట్టుకుని తమ్ముడు తీరిగ్గా కూర్చున్నాడు. బావ మాటంటే వాడికి వేదవాక్కు.

"ఇందాకట్నుంచి గొంతెత్తి పాడుతూనే ఉన్నాడక్కా," అన్నాడు మురిసిపోతూ. "ఇప్పుడే కాస్త అలుపు తీర్చుకుంటున్నాడు."