అందరి ఖాతాలకూ ఒకే నంబరు

కంకిపాడు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే ఇశ్రాయేలు ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన రేడియోలు విప్పి, బిగించి, ఇంకాస్త పాడుచేసి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాడు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, ఆ తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. తన చేతి మీదుగా వెళ్ళిన వస్తువు అదే రోగంతో తిరిగొస్తే తలవంపుగా భావించే అలవాటు మాత్రం అతనికి పోలేదు.

కొత్త ఫోను కొన్నవాళ్ళకు ముందుగా మెయిలు ఖాతా కావాలి. నాట్లకు వెళ్ళే మనిషికి మెయిలెందుకని ఫోను ఆలోచించదు. అది లేనిదే కదలదు, అంతే. అందుకని ఊళ్ళో సగంమందికి ఇశ్రాయేలే ఖాతాలు తెరిచాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే కోడు పంపడానికి ఒక నంబరు ఇమ్మంటుంది మెయిలు కంపెనీ. జనమేమో ఆఫరొచ్చినప్పుడల్లా సిమ్ము మార్చేస్తారు. దాంతో అందరికీ తన నంబరే పెట్టాడు. ఎవరికి ఇబ్బందొచ్చినా దుకాణానికొస్తే చాలు. ఫోనుకు కవరు తొడిగి ఇచ్చినట్టే ఇదీ తొడిగి ఇచ్చాడు.

అమలమ్మ ఖాతా కూడా అలా పుట్టిందే. ఆవిడకు చదువు రాదు, పాటలు కట్టడం వచ్చు. చేలో వంగి ఉండగా చరణం తడితే గట్టెక్కి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్లోకి పాడుకునేది. ఈస్టరుకు ముందు శ్రమల కాలం వచ్చిందంటే చర్చిలో ఆవిడ పాటలు ఉండాల్సిందే. ఒకసారి ఫోను నిండిపోతే ఇశ్రాయేలు ఆ పాటలన్నిటినీ ఖాతాలోకి ఎక్కించి, ఫోన్లోవి తుడిచేశాడు.

"పోవుగదా నాయనా?"

"ఫోను కాలవలో పడ్డా నీ పాటలు పోవత్తా. కంపెనీవాళ్ళ దగ్గర భద్రంగా ఉంటయ్యి."

"ఆళ్ళకి తెలుగొచ్చా?"

"రాకపోతేనే మంచిది. కాపీ కొట్టరు."

ఆ ధీమాతో అమలమ్మ పాటల్ని మనసులో మననం చేసుకోవడం మానేసింది. కావాలంటే ఫోను నొక్కి వినేది.

ఈ ఏడు మినుము పీకే రోజుల్లో కంపెనీ తన భద్రతను కట్టుదిట్టం చేసింది. ఒకే నంబరు మీద ఇన్ని ఖాతాలుంటే అవి దొంగ ఖాతాలేనని దాని యంత్రం తేల్చేసింది. ఒక్క పూటలో అన్నీ మూతపడ్డాయి. దుకాణం ముందు జనం చేరారు.

"మా పేర్లు పెట్టి ఏం దందా చేశావయ్యా?" అన్నాడొకాయన.

ఇశ్రాయేలు జరిగింది చెప్పబోయాడు. చేసిన సాయం విప్పి చెబితే అచ్చం దందాలాగే ఉంది.

అమలమ్మ అరవలేదు. "శ్రమల కాలం దగ్గరకొచ్చింది, నా పాటలు తెచ్చిపెట్టు నాయనా," అని బల్ల మీద కూర్చుంది.

అతను అప్పీలు పెట్టాడు. మీ విన్నపాన్ని పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదని జవాబొచ్చింది. అతను ఫోను కింద పెట్టేలోపే వచ్చింది. స్క్రూ విప్పడానికైనా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. బెజవాడ వెళ్ళి, ఫోను అమ్మిన కంపెనీ సర్వీస్ సెంటర్లో అడిగాడు.

"ఖాతా వేరే కంపెనీదండీ," అంది కౌంటర్లో అమ్మాయి.

"వాళ్ళ ఆఫీసెక్కడమ్మా?"

"ఆన్‌లైన్లోనేనండీ."

"అక్కడ మనుషులుంటారా?"

ఆ అమ్మాయి నవ్వి, తర్వాతి టోకెన్ పిలిచింది.

తిరిగొచ్చి అమలమ్మ ఫోను విప్పాడు. తుడిచేసినవాటిని ఎవరూ బయటికి లాగకుండా ఫోనుని కూడా భద్రంగానే చేశారు. తుడిచింది తనే.

"విరిగిందేదో చూపిస్తే అతుకుతానత్తా. ఇందులో ఏదీ విరగలా."

"మనల్ని దొంగలనుకున్నారా?"

"అవును."

"అనుకునే ముందు ఒక్క పాటైనా విన్నారంటావా?"

ఇశ్రాయేలు తన ఫోన్లో రికార్డింగు పెట్టి ఆవిడ ముందుంచాడు. గుర్తున్నంతవరకు పాడమన్నాడు. అమలమ్మ గొంతు సవరించుకుంది.

"కట్ట తెగిన రాత్రి కావలున్నవాడా, చేను మునిగినా చెయ్యి విడవనివాడా..."

పల్లవి నిండుగా వచ్చింది. మొదటి చరణం తడబడుతూ వచ్చింది. రెండో చరణంలో పెదవులు కదిలాయి, మాట రాలేదు. రోడ్డు మీద బందరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఫోన్లో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి.

"ఆపెయ్యి నాయనా," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఈ ఏడు శ్రమల కాలంలో చర్చిలో కీర్తనల పుస్తకంలోని పాటలే పాడారు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, చాప మీద, అమలమ్మ నోరు కదపలేదు. వెనక నిలబడ్డ ఇశ్రాయేలు పాట అయ్యేదాకా ఉండలేక బయటికొచ్చేశాడు.