మధ్యలో తగ్గిన పల్స్

మొన్న టీవీలో, అంతరిక్ష రేణువుల దెబ్బకు ఒక ఉపగ్రహంలో చిప్పు చెడిపోయిందని విని, తెనాలిలో మా పక్కింటాయన అదెలాగో చెప్పమన్నారు. బరువైన అయాన్లు సిలికాన్‌లోంచి దూసుకుపోతే లోపలి అమరిక చెదిరి గుంటల్లాంటివి పడతాయనీ, ఆ తర్వాత పుట్టే విద్యుదావేశం తీగ దాకా చేరకుండా కొంత వాటిలోనే చిక్కుకుపోతుందనీ చక్కగా వివరించాను. ఆయన మెచ్చుకుని వెళ్లారు గానీ, నాకా పూట అన్నం సయించలేదు.

తొంభైల మొదట్లో బాపట్లలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. మా ల్యాబులో టెంపరరీగా పనిచేసే ఆవిడను అందరం అక్క అనేవాళ్లం. రేపల్లెలో పొద్దున్నే పాసింజరెక్కి, తెనాలిలో రైలు మారి వచ్చేది. రేణువులను పసిగట్టే సిలికాన్ డిటెక్టర్లకు ఉప్పుగాలి తగలకుండా డబ్బాల్లో దాచడం, పట్టకారుతో అంచులు పట్టి తీసివ్వడం ఆమె పని. నేను టిఫిన్ చేశానో లేదో అడిగాకే బీరువా తాళం తీసేది. ఆ ఏడే ఆమె ఉద్యోగం పర్మనెంటు కావలసి ఉంది.

మా గైడుగారు ఎవరినో బతిమాలి తెచ్చిన డిటెక్టరును నేను ఉత్తరాదిన అయాన్లను వేగంగా తోసే యాక్సిలరేటరుకు తీసుకెళ్లి, అయాన్ల ధారలో పెట్టి, పది నిమిషాల్లో తీయవలసింది మరిచి భోజనానికి పోయాను. వచ్చి చూస్తే, రేణువు తగిలినప్పుడల్లా డిటెక్టరు ఇచ్చే విద్యుత్ పల్స్ సగానికి పడిపోయింది. ఎవరికీ చెప్పకుండా తెచ్చి డబ్బాలో పెట్టేశాను.

వారం తర్వాత గైడుగారు పల్స్ తగ్గడం చూసి, అక్క వేళ్ల తడి తగిలిందేమోనన్నారు.

"లేదు సార్, పట్టకారుతోనే తీశానండి" అంది అక్క.

ఆయన నా వైపు తిరిగారు. "అయ్యుండొచ్చండి" అన్నాను.

పల్స్ తగ్గింది ధార పడిన నడిమధ్యనే. అంచుల్లో నిండుగానే వచ్చేది. వేళ్లంటూ తగిలితే అంచులకే కదా తగలాలి! ఆ కొలతల కాగితం నా సంచిలోనే ఉంది. తీసి బల్లమీద పెడితే సరిపోయేది. మళ్లీ యాక్సిలరేటరు దగ్గరకు రానివ్వరన్న భయంతో పెట్టలేదు. నెలాఖరుకు అక్కను మానిపించారు, నాకు డాక్టరేటు వచ్చింది.

చెప్పేద్దామనే ఒకసారి రేపల్లె వెళ్లాను. కాఫీ ఇచ్చి, "మన ల్యాబు పేరు నిలబెట్టావు తమ్ముడూ" అంది. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. అక్క ఇప్పుడు లేదు.

ఈనాటి ల్యాబుల్లో ఏది ధారలో ఎంతసేపుందో కంప్యూటరే రాసిపెడుతుందట. మా కాలంలో మనిషి మాటే రికార్డండీ అని నా ఈడువాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి లోపలికి వెళ్లిపోతాను.