మా అల్లుడి తలనొప్పికి స్కూటర్ అద్దం

మా అల్లుడు స్టీఫెన్ గుంటూరు పిల్లాడు. వారమంతా కోకాపేటలో కంప్యూటర్ ముందు మెడ వంచుకుని కూర్చుంటాడు. ఆదివారం మా గోపన్‌పల్లి చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఉద్యోగం పోయినా ఓర్చుకుంటాడేమో గానీ, ఆ కీబోర్డు పోతే తట్టుకోలేడు. ఇక నేనంటారా, ఊరి బడిలో ఏడో తరగతి చదివి, బాలానగర్‌లో ముప్పయ్యేళ్లు లేత్ మిషన్ నడిపినవాణ్ణి. ఆ చర్చి తలుపులు, గంట, మైకు స్టాండు నా చేతులతో బిగించినవే. ఈ అల్లుణ్ణి ఏరుకున్నదీ నేనే; అదీ నా ఖాతాలోనే వేయండి.

అలాంటివాడికి ప్రతి ఆదివారం తలనొప్పి మొదలైంది. అదీ సరిగ్గా పాస్టరు కిరణ్ పాల్ గారు ప్రసంగానికి లేచే వేళకే! కుడి కన్ను మీద చెయ్యి నొక్కిపెట్టి, ముఖం ముడుచుకుని కూర్చునేవాడు. పాస్టరు గారికి ఎదురుగా కనబడుతూనే ఉండేదాయె.

"అబ్రహామన్నా, నా ప్రసంగం మీ అల్లునికి గంత బరువైతుందా? పరేషాన్ ఎందుకు, క్రిస్మస్‌కు వేరేటోళ్లు వాయిస్తరు తీయండి" అన్నారు ఒకరోజు, నవ్వకుండా.

స్టీఫెన్ ముఖం పాలిపోయింది. "ప్రసంగం వల్ల కాదండీ!" అన్నాడు.

మా అమ్మాయి హన్నా ఊరుకుంటుందా? "మరి పాటలప్పుడు మంచిగనే ఉంటవ్ గద!" అంది.

కళ్లద్దాలు మార్చాడు, ఆవిరి పట్టాడు. తగ్గలేదు. డాక్టరు పరీక్షించి, ఫిజియోథెరపీ చేసే నాగేశ్వరి గారి దగ్గరికి పంపారు. తోడు నేనూ వెళ్లాను. ఆవిడ పుర్రె కింద, మెడకు కుడివైపున వేలితో నొక్కారు.

"అమ్మో, అదేనండి! కన్ను మీద!" అని ఎగిరాడు. తల కుడికి తిప్పమంటే సగంలోనే ఆగిపోయింది.

"నొప్పి పుట్టింది మెడలోనండి. మెడ పైభాగం నరాలు, కంటి దగ్గరి నరాలు లోపల ఒకేచోట కలుస్తాయి. అందుకే మెదడు పొరబడుతుంది. ఇంతకీ ఆదివారం అంతసేపు ఎవరి వైపు తిరిగి చూస్తారండీ?"

"మా ఆవిడ వైపండి."

ఆవిడ నవ్వాపుకోలేకపోయారు. అప్పుడు నేను వివరించాను. మా చర్చిలో వేదికకు వీపు పెట్టకూడదు. అందుకే కీబోర్డు వేదిక వైపు, పాటల బృందం దాని వెనక. బృందాన్ని నడిపించే హన్నా చేతి సైగ కోసం వీడు మెడ మెలితిప్పి వాయిస్తాడు. పాటలు ముగిసేసరికి నొప్పి ఎక్కుతుంది. అప్పుడే ప్రసంగం మొదలవుతుంది.

మెడ వ్యాయామాలు నాగేశ్వరి గారు నేర్పారు. మిగతాది నేను చూసుకున్నాను. బాలానగర్ వెళ్లి పాత స్కూటర్ అద్దం తెచ్చి కీబోర్డు స్టాండుకు బిగించాను. వేదికకు వీపు లేదు, మెడకు మెలిక లేదు, హన్నా చెయ్యి అద్దంలో!

"బండెక్కినట్టుంది మామయ్యా, హారనొక్కటే తక్కువండి" అన్నాడు.

క్రిస్మస్ నాటికి నొప్పి దాదాపు పోయింది. కీబోర్డు వాడిదే అయింది. తన ప్రసంగం మీద నింద తొలగిందన్న ఆనందం పట్టలేక పాస్టరు గారు ఆ రోజు రెండింతలు ప్రసంగించారు.

బయటికొచ్చాక హన్నా నా చెవిలో గొణిగింది: "నాయినా, ఆ అద్దం జర పీకేయరాదే!"