బోర్లించిన పుట్టి

సర్కారు మనిషి ఎవరు వచ్చి వాకిట్లో నిలబడ్డా మా ఇంట్లో ముందుగా లేచేది నేనే. జనాభా లెక్కలు రాసుకునేవాళ్లు కానీ, దోమల మందు కొట్టేవాళ్లు కానీ, పోలియో చుక్కలు వేసే పిల్ల కానీ, మోకాళ్లు పట్టుకుని లేచి పోయి గొళ్లెం తీస్తాను. ఎవరు, ఏం పని అని అడగను. ముసలామెకు సర్కారంటే ప్రాణం అని మా కోడలు ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెబుతుంది. ప్రాణమూ లేదు, పాడూ లేదు. ఒకసారి తీయాల్సిన చోట తీయలేదు, అంతే. ఆ సంగతి ఈ ఇంట్లో నేనెవరికీ చెప్పుకోలేదు.

నన్నిచ్చింది ఆత్మకూరు దిక్కున, కృష్ణ నడుమనున్న ఒక గడ్డకు. ఏటి మధ్యలో నీళ్లు వదిలిపెట్టిన నేలను మా వైపు గడ్డ అంటారు. ఇరవై గడపల ఊరు. జొన్న, పెసర, నాలుగు బర్రెలు, చుట్టూ నీళ్లు. ఒడ్డుకు పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురు దబ్బలతో పెద్ద బుట్టలా అల్లి, కింద తోలు బిగించి కట్టిన గుండ్రటి పడవ అది. రేవులో నిలబడితే మా తల్లిగారి ఊరి తాటిచెట్ల తలలు కనబడేవి. కనబడేవి గానీ పోయే వీలు ఏడాదికొక్కసారే. అవి కనబడని దూరానికి ఇచ్చి ఉంటే మరిచిపోయి బతికేదాన్నేమో. రోజూ చూస్తూ పోలేకపోవడం పుండు మీద ఈగలా ఉండేది.

మా బాపు నన్ను నాలుగేండ్లు వీధిబడికి పంపించాడు. అక్షరం వచ్చిన కోడలు గడ్డ మీద నేనొక్కదాన్నే. దానితో ఏం చేసుకోవాలో నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. చదవడానికి అక్కడ ఏముందని? తపాలా మా దాకా వచ్చేది కాదు. ఎవరికైనా ఉత్తరం వస్తే అవతలి ఒడ్డున కిరాణా దుకాణంలో పడి ఉండేది, ఉప్పుకో చింతపండుకో పోయినవాళ్లు తెస్తే తెచ్చినట్టు. బడి లేదు, దవాఖాన లేదు. సర్కారు మా గడ్డకు రెండు పనుల మీదే వచ్చేది: ఏదైనా తీసుకుపోవడానికి, ఎవరినైనా పట్టుకుపోవడానికి.

నిజాం కాలంలో లెవీ ధాన్యానికి వచ్చారు. తర్వాత రజాకార్లు వచ్చారు. ఆ తర్వాత పోలీసు యాక్షన్ అయ్యింది, ఇక మీ రాజ్యమే అన్నారు, యూనియన్ పట్టాలం వచ్చింది. దొరలు మారారు కానీ మా కంటికి బట్టల రంగు మారలేదు. అందరిదీ ఖాకీయే.

అందుకని గడ్డ మీద ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున రేవులో బోళ్లు తోమే ఆడవాళ్లు ఒక కన్ను అవతలి ఒడ్డు మీద వేసి ఉంచాలి. ఖాకీ కనబడితే ఖాళీ బిందె మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టాలి. అంతే, ఉన్న రెండు పుట్టీలనూ రెల్లులోకి ఈడ్చి బోర్లించి, పైన జొన్నచొప్ప కప్పేవాళ్లు. గింజలు పాతరలోకి పోయేవి, మగవాళ్లు చేన్లలోకి పోయేవాళ్లు. వచ్చినవాళ్లు అరిచి అరిచి, గడ్డకు పుట్టి లేదనుకుని మళ్లిపోయేవాళ్లు. దీన్ని మేము బోర్లించుడు అనేవాళ్లం. నా చూపు మంచిది. బిందె కొట్టే పని చాలాసార్లు నాదే అయ్యేది. గడ్డ మీద నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే, నిజం చెప్పాలంటే అదంటే నాకు ఇష్టంగానే ఉండేది.

గడ్డ మీద నాతో మాట్లాడే మనిషి మా యారాలు ఒక్కతే, అంటే మా బావ భార్య. మా ఆయన చెడ్డవాడేం కాదు. కానీ రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు బర్రెతో. యారాలు అట్లా కాదు. నాకంటే ఆరేండ్లు పెద్దది, పిల్లలు లేరు, నవ్విందంటే అవతలి ఒడ్డుకు వినబడేది. కొత్తలో నేను తాటిచెట్ల దిక్కు చూసి ఏడుస్తుంటే, ఏడిస్తే ఏటికి నీళ్లు తక్కువైనయని ఎవడన్నా చెప్పిండా అని కసిరి, నా వంతు బోళ్లు కూడా తనే తోమేది. దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్లను ఏరు దాటించాడని మా బావను ఒడ్డు మీద ఖాకీలు పట్టుకుని జైల్లో వేశాక ఆమె నవ్వు తగ్గింది. అప్పటి నుంచి మేమిద్దరం ఒకరిని విడిచి ఒకరం పూట ఉండేవాళ్లం కాదు.

ఆ ఏడు ఎండలు ముదిరే ముందు ఒడ్డు ఊర్లలో తల్లి పోసిందని తెలిసింది. మశూచిని మేము అట్లాగే అనేవాళ్లం. ఒకరోజు బోళ్లు తోముతూ యారాలు నా ఎడమ చేతి మీది రెండు మచ్చలు తడిమి, ఇవేమిటని అడిగింది. చిన్నప్పుడు మా ఊరికి టీకాలు వేసే మనిషి వచ్చాడని, ఇవి ఉంటే తల్లి పోయదని చెప్పాను. ఆమె చేతిలో బోలె అట్లాగే ఆగిపోయింది.

"మీ ఊరికి నడిచొచ్చినోడు మా గడ్డకు పుట్టెక్కి రాలేడా?" అన్నది.

కొత్త తహసీల్దారు తెలుగులో రాసిన దరఖాస్తు కూడా తీసుకుంటున్నాడని ఆమె సంతలో విని వచ్చింది. అంతకు ముందు ఉర్దూలో రాయించాలంటే కచేరీలో రాతకోతలు చేసే ముసద్దీ కాళ్లు పట్టుకోవాల్సి వచ్చేది. ఇక నన్ను పట్టుకుంది. గడ్డ మీద టీకాలు పడనివాళ్ల పేర్లన్నీ రాసి పంపాలన్నది. మా మామ ఒప్పుకోలేదు.

"సర్కారుకు పేర్లు రాసిస్తె, రేపు గా పేర్లతోనే పిలుస్తరు బిడ్డా" అన్నాడు.

"పిలిస్తె పలుకుత. నాకేం భయం?" అన్నది యారాలు.

తన పేరే ముందు రాయమన్నది. రాశాక కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది, తన పేరు ఇంత చిన్నగా ఉందేమిటని అడిగింది. మిగతావాళ్లను ఇల్లిల్లూ తిరిగి తనే ఒప్పించి వేలిముద్రలు వేయించింది. ఆత్మకూరుకు చేపలు అమ్మడానికి పోయే ఆమెతో కాగితం పంపించాము. వారం చూశాము, ఇంకో వారం చూశాము. జవాబు లేదు.

వైశాఖంలో ఒక బుధవారం పొద్దున నేను ముందుగా రేవుకు పోయాను. ఒడ్డు మీద నలుగురు కనబడ్డారు. ఇద్దరి భుజాల మీద తుపాకులు. ఒకడు చెక్కపెట్టె మోస్తున్నాడు. ముందున్నవాడిది ఖాకీ కోటు, నెత్తిన టోపీ. అతను చెయ్యెత్తి ఏదో తెల్లకాగితం ఊపుతున్నాడు. పెట్టెలో తూటాలనుకున్నాను. కాగితం వారంటు అనుకున్నాను. బావను పట్టుకుపోయినవాళ్లు ఇప్పుడు మా ఆయన కోసం వచ్చారనుకున్నాను. దరఖాస్తు సంగతి ఆ గడియలో నా మనసులో లేనే లేదు. బిందె బోర్లించి మూడు దెబ్బలు కొట్టాను.

యారాలు చీర ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చింది. పెద్ద పుట్టిని తనే రెల్లులోకి ఈడ్చింది. అందరం రెల్లు వెనక కూర్చుని చూశాము. అతను నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు, గాలికి ఒక్క మాట అందలేదు. తర్వాత ఆ చెక్కపెట్టె మీద కూర్చుని, నుదుటికి చెయ్యి పెట్టుకుని మా దిక్కే చూశాడు. నీడలేని ఒడ్డు అది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చుని లేచి పోయాడు. నీవి గద్ద కండ్లని యారాలు నా వీపు మీద చరిచి మెచ్చుకుంది. ఆ రోజు గడ్డంతా నన్ను మెచ్చుకుంది.

రెండు రోజులకు మా ఆయన దుకాణం నుంచి ఉప్పుతో పాటు ఒక కార్డు తెచ్చాడు. మా దరఖాస్తుకు జవాబు. టీకాలు వేసేవారు ఫలానా బుధవారం వస్తారు, ఆ దిక్కు గడబిడగా ఉన్నందున వెంట పోలీసులు ఉంటారు, భయపడవద్దు, పుట్టి సిద్ధంగా ఉంచవలసింది అని రాసి ఉంది. ఆ బుధవారం అయిపోయింది. అతను ఊపిన కాగితం నా చేతిరాతే.

అందరూ చుట్టూ చేరి ఏం రాశారని అడిగారు. చదువు వచ్చింది నాకొక్కదానికే. మొన్న నన్ను మెచ్చుకున్న మొహాలే అవన్నీ. నా నోరు నిజం చెప్పలేదు.

"వచ్చే నెల వస్తమని రాసిండ్రు" అన్నాను.

యారాలు కార్డు తీసుకుని, తన పేరు ఎక్కడుందో వెతికి, కనబడక తిరిగి ఇచ్చింది. ఇంకో దరఖాస్తు ఎవరికీ తెలియకుండా రాసి పంపుదామనుకున్నాను. కాగితం కావాలంటే ఒడ్డుకు పోవాలి, ఒడ్డుకు పోవాలంటే పుట్టి ఎక్కించేవాడికి ఎందుకో చెప్పాలి. ఈ వారం, వచ్చే వారం అని మూడు వారాలు జరిపాను. అంతలో ఒడ్డు మీద పెండ్లికి పోయి వచ్చిన ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు తల్లి పోసింది. వాళ్లు బతికారు. తర్వాత మా యారాలుకు పోసింది.

చేను చివర మంచె పక్కన గుడిసె వేసి ఆమెను అందులో పడుకోబెట్టారు. దగ్గరికి పోగలిగింది నేనొక్కదాన్నే, నా చేతి మీద మచ్చలున్నాయి కదా. వేపాకు పరిచి, చల్ల పోస్తూ, ఈగలు తోలుతూ పదకొండు రోజులు కూర్చున్నాను. అన్నం గిన్నె దూరంగా గట్టు మీద పెట్టి పోయేవాళ్లు, వాళ్లు పోయాక నేను తెచ్చుకునేదాన్ని. అన్ని రోజులూ నేను చూసిన మనుషులంటే వాళ్ల వీపులే.

తొమ్మిదో రోజు పగలు ఆమెకు తెలివిగా ఉంది. ఆగలేక అంతా చెప్పేశాను. వచ్చింది టీకాల మనిషి అని, కార్డులో ఉన్నది వేరే అని, నేను అబద్ధం చదివానని. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈ వయసుకు నాకు కాస్త తేలికగా ఉండేది. ఆమె కండ్లు పూడిపోయి ఉన్నాయి, మొహం నా దిక్కు తిప్పింది.

"గా కాగితంల నా పేరు ముందుగల్లనే ఉండెనా?" అన్నది.

"ఉండె అక్కా" అన్నాను.

రెండు రోజులకు పోయింది. తల్లి పోసి పోయినవాళ్లకు డప్పు కొట్టరు, నలుగురు రారు. మా ఆయన, నేను గడ్డ దిగువ కొసన ఇసుకలో పూడ్చిపెట్టాము. ఆషాఢంలో ఏరు వచ్చి ఆ కొసను తీసుకుపోయింది. ఏడవడానికి గుర్తుగా ఒక జాగా కూడా మిగలలేదు.

ఆ వానకాలమంతా నేను రేవులో ఒక్కదాన్నే బోళ్లు తోముకున్నాను. గడ్డవాళ్లకు కూడా నేనే చెప్పాను. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు, ఖాకీని చూసి ఎవరైనా కొట్టేవారే అన్నారు. దసరాకు ముందు బావ జైలు నుంచి వచ్చాడు. ఆయనకూ చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనకుండా జొన్న కోతకు పోయాడు. అందరూ మంచివాళ్లే, ఆ మంచితనంలో నాకు నిలబడే చోటు లేకపోయింది.

కార్తీకంలో ఏరు తగ్గాక ఒడ్డు మీద మళ్లీ ఆ టోపీ కనబడింది, ఆ పెట్టె, ఆ తుపాకులు. నేను గరిటె ముట్టలేదు. మామను అడగలేదు. రెల్లులోకి పోయి, ఇద్దరు మగవాళ్లు ఎత్తే పుట్టిని ఒక్కదాన్నే తిరగేసి నీళ్ల దాకా దొర్లించుకుంటూ వచ్చాను. మా ఆయన నన్ను చూసి తెడ్డు అందుకున్నాడు.

టీకాలు వేసే ఆయన పెద్దవయసు మనిషి, దగ్గుతున్నాడు. మా వాకిట్లో పెట్టె దించి, పెద్ద రిజిస్టరు తెరిచి, అందులో నుంచి నా కాగితం తీశాడు. అంచులు నలిగిపోయి ఉంది. పోయిన ఎండలకు వచ్చి పుట్టి లేక మళ్లిపోయానని ఎవరినీ నిష్ఠూరమాడకుండానే చెప్పాడు. అందరినీ వరుసగా నిలబడమని, మొదటి పేరు పిలిచాడు.

ఎవరూ పలకలేదు. వినబడలేదనుకుని ఇంకాస్త గట్టిగా పిలిచాడు. మామ ఏటి దిక్కు చూస్తున్నాడు.

నేను ముందుకు పోయి, ఆమె లేదు, తల్లి పోసి పోయింది అని చెప్పాను. ఈ కాగితం రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన రిజిస్టరు నా దిక్కు తిప్పి, కలం సిరాలో ముంచి నా చేతికిచ్చాడు. ఆమె పేరు ఎదురుగా, కారణం రాసే కైఫియత్ గడి ఖాళీగా ఉంది.

"చదువొచ్చినదానివి. ఎందుకు టీకా పడలేదో నువ్వే రాయి బిడ్డా" అన్నాడు.

చనిపోయింది అని రాస్తే సరిపోయేది. "వచ్చిననాడు పుట్టి బోర్లించింది నేనే" అని రాశాను. ఆయన చదివాడు. సిరా ఆరడానికి మెల్లగా ఊది, రెండో పేరు పిలిచాడు.